బీరు ఫ్యాక్టరీలో పుట్టిన టీ టెస్ట్

మన దగ్గర ఇల్లు అద్దెకి తీసుకుంటే పదకొండు నెలల అగ్రిమెంటు. పన్నెండో నెల రాకముందే ఓనర్ ఫోను. డబ్లిన్‌లో ఆర్థర్ గిన్నిస్ అనే పెద్దమనిషి 1759 డిసెంబర్ 31న రాయించుకున్న లీజు గడువు ఎంతో తెలుసా? 9,000 ఏళ్లు. అద్దె ఏడాదికి 45 పౌండ్లు! సెయింట్ జేమ్సెస్ గేట్ దగ్గర మూతపడి ఉన్న నాలుగెకరాల బ్రూవరీ అది. ఇప్పుడా లీజుతో పని లేదు, కంపెనీ స్థలాన్ని కొనేసుకుంది. కానీ టూరిస్టులకి చూపించడానికి ఆ కాగితాన్ని నేలలో అద్దం కింద పెట్టారు. అందరూ వంగి ఫొటో తీసుకుంటారు.

నీళ్ల గొడవలు మన బోరింగుల దగ్గరే అనుకోకండి. గిన్నిస్ వాటాకి మించి నీళ్లు లాగుతున్నాడని 1775లో నగర కార్పొరేషన్ వాళ్లు కాలవ పూడ్చేయడానికి మనుషుల్ని పంపితే, ఆయన గునపం లాక్కుని అడ్డం నిలబడ్డాడట. చివరికి ఏళ్ల తరవాత రాజీ కుదిరింది. నీళ్లు లేనిదే బీరు లేదు కదా మరి.

1886లో కంపెనీ లండన్ స్టాక్ మార్కెట్‌కి ఎక్కేనాటికి ప్రపంచంలో అంత పెద్ద బ్రూవరీ ఇంకోటి లేదు. నాలుగెకరాలు కాస్తా అరవై దాటాయి. లోపల సరుకు తిప్పడానికి సొంత రైలే వేసుకున్నారు. పట్టాల మధ్య దూరం 22 అంగుళాలు, రెండడుగులు కూడా లేదు. స్థలం సగం గట్టు మీద, సగం లిఫీ నది వైపు పల్లంలో. రైలు అంత ఎత్తు ఎక్కేదెలా? నేల కింద స్క్రూ మరలాగా చుట్లు తిరిగే సొరంగం తవ్వారు. మాల్‌లో కారు పార్కింగ్ ర్యాంపు ఉంటుందే, అలాగన్నమాట, పందొమ్మిదో శతాబ్దంలో! పీపాలు నది మీద పడవల్లో ఓడరేవుకి వెళ్లేవి. వంతెన మీంచి పిల్లలు ఆ పడవ వాళ్లని చూసి, ఏదో సముద్రాలు దాటి వెళ్తున్నట్టు, ‘వచ్చేటప్పుడు చిలకని తెండి’ అని అరిచేవారని డబ్లిన్ వాళ్లు ఇప్పటికీ నవ్వుతూ చెప్తారు. 1961లో ఆ పడవలు ఆగిపోయాయి.

ఇవాళ జనం క్యూ కట్టే భవనం పేరు స్టోర్‌హౌస్. 1904లో పూర్తయింది, బీరు పులియబెట్టడానికి కట్టింది. చికాగో ఆకాశహర్మ్యాల పద్ధతిలో ఉక్కు చట్రం మీద నిలబెట్టారు. బయటికి ఇటుక గోడలే కనిపిస్తాయిగానీ, బరువంతా ఉక్కు దూలాలదే. 1988లో అందులో పని ఆపేశారు. 2000లో లోపల పైంట్ గ్లాసు ఆకారంలో ఏడంతస్తుల ఖాళీ తీసి మ్యూజియం చేశారు. గోడల మీద బరువున్న బిల్డింగ్ అయితే ఇంత ధైర్యంగా లోపల మార్చడం కష్టమయ్యేదని నా అనుమానం. పైన అద్దాల బార్, అక్కడ టికెట్‌తో పాటు ఓ పైంట్. ఊరి నుంచి అమ్మానాన్న వస్తే ఇక్కడికి తీసుకెళ్లాలా వద్దా అని మా తెలుగు వాట్సాప్ గ్రూపులో ఎడతెగని చర్చ. నాన్నలు ఓకే, అమ్మల దగ్గరే తంటా.

లీజూ పైంటూ సరే. నాకైతే ఆ ప్రాంగణంలో అసలు వింత ఇంకోటి. స్టోర్‌హౌస్ కట్టేనాటికి కంపెనీ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌ల నుంచి సైన్సు కుర్రాళ్లని ఏరి మరీ తెచ్చుకుంటోంది. అలా 1899లో, 23 ఏళ్ల వయసులో చేరినవాడు విలియం సీలీ గాసెట్. ఆయన తలనొప్పి ఇదీ: కొత్త రకం బార్లీ పాతదానికన్నా మేలా? తేల్చాలంటే పండించి చూడాలి. వెయ్యి మళ్లు ఎవరిస్తారు? నాలుగైదు దొరుకుతాయి, ఫలితానికి ఏడాది ఆగాలి. అప్పటి గణాంక పద్ధతులేమో పెద్ద పెద్ద శాంపిళ్లకే పనికొస్తాయి.

కంపెనీ ఆయన్ని ఏడాది పాటు లండన్‌లో కార్ల్ పియర్సన్ దగ్గరికి పంపింది. గాసెట్ 3,000 మంది నేరస్థుల ఎత్తు, వేలి పొడవు అట్టముక్కల మీద రాసుకుని, కలిపేసి, నాలుగేసి చొప్పున 750 కుప్పలు చేసి, తన సూత్రం నిలబడుతుందో లేదో సరిచూశాడు. ఇవాళ మనం నాలుగు లైన్ల పైథాన్‌తో చేసే సిమ్యులేషనే అది. కొద్దిపాటి శాంపిల్‌ని ఎంతవరకు నమ్మచ్చో తేల్చిన ఆ పేపర్ 1908లో అచ్చయింది. అదే మన టీ టెస్ట్. పేరు టీ, పుట్టింది బీరులో! మా ఆఫీసులో పన్నెండు మంది క్లిక్కులు చూపించి ‘కొత్త డిజైన్ సూపర్’ అని ఎవరైనా ఎగిరితే, ముందు బయటికి తీసేది దాన్నే.

పేపర్ మీద మాత్రం గాసెట్ పేరు లేదు. ఉద్యోగులు సొంత పేరుతో అచ్చేసుకోవడానికి కంపెనీ ఒప్పుకోలేదు, వ్యాపార రహస్యాలు బయటపడతాయని. అందుకని ‘స్టూడెంట్’ అని వేసుకున్నాడు. చేరిన రోజే చదవకుండా ఎన్‌డీఏ మీద సంతకం పెట్టినవాళ్లకి ఇది బాగా అర్థమవుతుంది. ఆ పద్ధతిని గట్టి పునాది మీద పెట్టింది ఆర్.ఎ.ఫిషర్. మన ఆంధ్రా యూనివర్సిటీలో లెక్కలు చదివిన సి.ఆర్.రావు గారు తరవాత కేంబ్రిడ్జ్‌లో పీహెచ్‌డీ చేసింది ఆ ఫిషర్ దగ్గరే.

1935లో కంపెనీ గాసెట్‌ని లండన్ పార్క్ రాయల్‌లో లేస్తున్న కొత్త బ్రూవరీకి పంపింది. ఎర్ర టెలిఫోన్ బూత్ గీసిన గైల్స్ గిల్బర్ట్ స్కాటే దానికీ ఆర్కిటెక్ట్. రెండేళ్లకే, 1937లో, గాసెట్ పోయాడు. ఆ బ్రూవరీని 2005లో మూసి, మరుసటేడు కూలగొట్టారు. డబ్లిన్‌లో మాత్రం స్టోర్‌హౌస్ పక్కనే ఇవాళ్టికీ బీరు కాస్తున్నారు. గాలి ఇటు తిరిగిన రోజున వీధంతా వేయించిన బార్లీ వాసన. మీరెప్పుడైనా వెళ్తే, పైన బార్‌కి పరిగెత్తే ముందు ఓ నిమిషం ఆగి ఆ ఉక్కు దూలాల్ని తలెత్తి చూడండి. ఇప్పటికీ పైకే కనిపిస్తాయి.