అనంతగిరి కొండలకు పోవలసిన రీతి

వానలు వెనుకబట్టగనే మన ప్రాంతపు పాఠశాలలు అరకులోయకు విహారయాత్ర సాగించుట పరిపాటియైనది. దసరా సెలవుల సమయమున పిల్లలు రైలెక్కుదురు, బొఱ్ఱా గుహలు చూతురు, చీకటిపడువేళకు ఇల్లు చేరుదురు. ఇందు కాలమును సరిగాదు, రీతియు సరిగాదని నా యభిప్రాయము. పెద్ద తరగతులవారైనను కార్తికమాసమున సైకిళ్ళపై బయలుదేరి, శృంగవరపుకోట మీదుగా మూడు దినములలో ఆ కొండలనెక్కి రావలెను.

ముందు కాలము మాట. శరత్తనగానే నిర్మలాకాశమును వర్ణించుట మన కవుల కలవాటు. హిమాలయ ప్రాంతములలో అది నిజమే. అక్టోబరు మాసము అచ్చటి యాత్రికులకు మిక్కిలి యనుకూలమైనది. మనకట్లు గాదు. బంగాళాఖాతమున తుపానులు పుట్టు మాసమదియే. 2014వ సంవత్సరము అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమును తాకినది. 2018లో అదే నెల 11వ తేదీన తిత్లీ తుపాను శ్రీకాకుళము జిల్లాపై బడినది. అట్టి దినములలో నానిన కొండచరియ ఎప్పుడు జారునో యెవరు చెప్పగలరు? నవంబరులోని తుపానులు పెక్కులు దక్షిణమునకు మరలును. అప్పటికి త్రోవయు ఆరును, అరకు చేలలో వలిసెలు పసుపుపచ్చగా పూచియుండును. అయినను వాతావరణశాఖవారి సూచన చూడక కదలరాదు.

ఇక రైలు. దానిని నిందించుట నా యుద్దేశము గాదు. బైలదిల్లా ఇనుపరాతిని విశాఖ రేవునకు దింపుటకై 1960వ దశకమున నిర్మించిన కొత్తవలస-కిరండూలు మార్గము మన యూరి పేరును దూరదేశములకు గొనిపోయినది. సముద్రమట్టమునకు సుమారు 996 మీటర్ల యెత్తుననున్న సిమిలిగుడ స్టేషను నెవరు చూడవలదందురు? 2017 నుండి చుట్టును అద్దములుగల పెట్టెయు నడచుచున్నది. కాని అద్దములోనుండి చూచిన కొండ పటమువంటిది. గోస్తనీనది అనంతగిరిలో పుట్టి, బొఱ్ఱా గుహల నడుమగా పారి, తాటిపూడి జలాశయమును నింపి, భీమునిపట్టణమువద్ద సముద్రమున గలయునని పిల్లలు వల్లించుచునే యున్నారు. వాగును దాటుచు, దాహమైనచోట నిలుచుచు, ఏ నీరు ఏ వైపునకు వాలుచున్నదో కన్నులార చూచుచు నెక్కిన పిల్లవాని కా పాఠమును మరల చెప్పనక్కరలేదు.

గేరులులేని మన సామాన్యపు సైకిలును ఘాటు రోడ్డున చాలచోట్ల నెట్టుకొనియే పోవలెను. అందు సిగ్గేమి? భయమంతయు దిగునప్పుడే. ఇనుపరాతి గూడ్సుబండ్లు ఖాళీగా నెక్కి బరువుతో దిగును. వాని డ్రైవరుల జాగరూకత యంతయు ఆ దిగుటయందే యున్నది. పిల్లలును మలుపునకు ముందే వేగము తగ్గించి, రెండు బ్రేకులను కలిపి, పట్టుచు విడుచుచు దిగవలెను. ఎడతెగక పట్టినచో చక్రపు అంచు వేడెక్కును, రబ్బరు అరుగును.

తలిదండ్రులు జ్వరమునకు వెఱతురు. మన్యపు జ్వరము దోమకాటువలన వచ్చునదే. కావున ప్రతివారికిని దోమతెర యుండవలెను. బాలికలను ఇంట నుంచుట మాత్రము నేనొప్పుకొనను. సైకిలుపై దినదినము పాఠశాలకు వచ్చు బాలికకు శృంగవరపుకోట యెంత దూరము?

నన్ను మిక్కిలి బాధించునది మరియొకటి గలదు. ఫోటోలకై వలిసె చేలలో దిగి పూలను త్రొక్కువారిని పలుమారులు చూచితిని. ఆ పూలు వేడుకకై వేసినవి గావు, నూనెగింజల పంట. బగతలకును కొండదొరలకును అవి కోతల దినములు, వరియు చోళ్ళును ఇంటికి జేరు వేళ. మన పిల్లలు చేనిగట్టున నిలిచి చూడవలెను, అడిగి నీరు త్రాగవలెను, తాము తెచ్చిన కాగితములను తామే తిరిగి మోసికొని రావలెను.

ఈ యేడు ఇరువదిమందితో నారంభించిన చాలును. బయలుదేరుటకు వారము ముందు సైకిలు బాగుచేయువానిని పాఠశాలకు పిలిపించి, ప్రతి సైకిలునకును బ్రేకు రబ్బరులు పరీక్షింపించవలసినదిగా ప్రధానోపాధ్యాయులవారిని కోరుచున్నాను.