మాయ ఎత్తే చేతుల లెక్క

గేదె ఈసుకుపోతే ఆసామి తన నష్టం లెక్కేసుకుంటాడు. మాయనీ చచ్చిన దూడనీ ఉత్తచేతులతో ఎత్తిపోసేది చాలా ఊళ్లలో మన వాడ ఆడకూలీ. ఆమె లెక్క ఎవరేస్తారు?

బ్రూసెల్లా బాక్టీరియాకి 4–8 నెలల పెయ్యదూడలకి వేసే టీకా ఉంది. 2019లో కేంద్రం దానికి పథకమే పెట్టింది. పరాన్నజీవుల సంగతి వేరు. గేదెల్ని పట్టే నియోస్పోరాకి అమెరికాలో ఒక టీకా అమ్మి, మానేశారు. గొర్రెలు ఈసుకుపోయే టాక్సోప్లాస్మాకి మాత్రం న్యూజిలాండ్ వాళ్లు 1988లోనే టీకా తెచ్చారు. బతికున్న క్రిమితో చేసిందది. కడుపుతో ఉన్నామె ముట్టకూడదని రాసి మరీ అమ్ముతారు. అదే క్రిమితో మనిషికీ కడుపు పోతుంది మరి!

ఇక్కడి పశువులకి టీకా కనిపెట్టమనే మేమూ అడుగుతున్నాం. అది వచ్చేలోగా గవర్నర్‌పేట మందులషాపులో దొరికే చేతితొడుగులు ఆసామే కొనివ్వాలి. కడుపుతో ఉన్న కూలీని ఆ పనికి పిలవకూడదు. పిలిస్తే సంఘానికి చెప్పండి.