సముద్రం లేని సీమలో టమాటా: కలకడ నుంచి బుర్కినా ఫాసో దాకా

కడప నుంచి రాయచోటి, పీలేరు మీదుగా చిత్తూరుకు సాగే రహదారిపై కలకడ ఒక మండల కేంద్రం. వేసవి టమాటా కోతకు వచ్చే మాసాలలో ఈ మండలపు పల్లెల నుంచి క్రేట్లతో నిండిన చిన్న వాహనాలు తెల్లవారకముందే గుర్రంకొండకో మదనపల్లెకో బయలుదేరుతాయి. వేలం ముగిసిన కొన్ని గంటలలోనే కాయలో అధిక భాగం పెద్ద లారీలకెక్కి దూర నగరాలకు తరలిపోతుంది. పండిన సీమలో అది నిలవదు. నిలిపే ఏర్పాటూ లేదు. ధర పలికిన నాడు ఇది వ్యాపార చురుకుదనంగా కనిపిస్తుంది. ధర పడిన నాడు రోడ్డు పక్కన పారబోసిన ఎర్రటి కుప్పలుగా కనిపిస్తుంది.

2023 జూలై చివరలో మదనపల్లె మార్కెట్టులో మొదటి రకం కాయ కిలో 200 రూపాయల దరిదాపులకు చేరింది. సెప్టెంబరు గడిచేలోగా అది పది రూపాయల పరిసరాలకు దిగింది. ఈ రెండు ధరల మధ్య కాలంలో నేల మారలేదు, విత్తనం మారలేదు, సిఫారసు చేసిన ఎరువుల మోతాదు మారలేదు. ఇటువంటి పతనానికి సాధారణంగా రెండు కారణాలు చెబుతారు. ఒకటి అధికోత్పత్తి, రెండవది దళారీ వ్యవస్థ. రెండింటిలోనూ నిజముంది. వంద క్రేట్లకు ఇన్ని అని ‘జాక్‌పాట్’ పేరుతో రైతు లెక్కలో వేసే కోతపై ఈ ప్రాంతపు మండీలలో తరచు వివాదాలు రేగుతూనే ఉన్నాయి. కాని కమీషనంతా రద్దయినా మిగిలే మూడవ కారణం ఒకటుంది. అది భౌగోళికం. అలవాటైన కళ్ళకు అది తొందరగా ఆనదు కనుక, ఇదే స్థితి దేశమంతటా పరచుకొన్న ఒక దూరదేశాన్ని పక్కన పెట్టి చూడడం ఉపయోగకరం. ఆ దేశం పశ్చిమ ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో.

ఆఫ్రికాలోని పదహారు భూపరివేష్టిత దేశాలలో బుర్కినా ఫాసో ఒకటి. 1960లో స్వాతంత్ర్యం పొంది, 1984 వరకు ఎగువ వోల్టాగా పిలువబడిన ఈ దేశపు విస్తీర్ణం సుమారు 2.74 లక్షల చదరపు కిలోమీటర్లు. నేటి ఆంధ్రప్రదేశ్ కంటే ఒకటిన్నర రెట్లకు పైగా పెద్దది. చుట్టూ ఆరు దేశాలున్నాయి, సముద్రం మాత్రం లేదు. రాజధాని వాగడూగు నుంచి కోట్ డివ్వార్‌లోని అబిజాన్ రేవుకు రైలు మార్గం సుమారు 1,150 కిలోమీటర్లు. అది నేటికీ మీటరు గేజి. ఉత్తరాన వర్షపాతం 600 మిల్లీమీటర్లకు లోపు, దక్షిణాన వెయ్యికి అటూ ఇటూ. దేశంలో అధిక భాగం కింద ఉన్నది ప్రాచీనమైన స్ఫటిక శిల. బావిలో నీరు పగుళ్ళలో దొరికితే దొరికినట్టు, లేకుంటే లేనట్టు. వాన నీటిని ఆపడానికి అక్కడ వెయ్యికి పైగా చిన్న జలాశయాలు నిర్మించారు.

ఈ వర్ణనలో దేశం పేరు తీసివేస్తే, చిత్తూరు పడమటి మండలాల రైతు దానిని తన ఊరి వర్ణనగానే భావిస్తాడు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం, కలకడ ప్రాంతాలలోనూ కింద ఉన్నది గ్రానైటు, నైస్ శిలలే; బోరు లోతుకు పోయేకొద్దీ నీరు పెరుగుతుందనే హామీ లేదు. గొలుసుకట్టు చెరువులే వ్యవసాయానికి ఆధారంగా ఉండేవి. అవి పూడిన తరువాత ఆధారం బోరు మీదికి, బోరుతో పాటు రైతు అప్పు కూడా లోతుకు వెళ్ళాయి. వర్షాధారపు వేరుశనగ తగ్గి బోరు కింద టమాటా పెరగడం ఈ మార్పు వెంటే జరిగింది.

బుర్కినా ఫాసోలోనూ టమాటా ముఖ్య వాణిజ్య పంట. వానకాలం ముగిసిన తరువాత చిన్న జలాశయాల అంచులలో దానిని పండిస్తారు. ఆ కాలంలో ఘనా వ్యాపారులు లారీలతో సరిహద్దు దాటి వచ్చి, పొలం గట్టున కొని, అక్రా, కుమాసి నగరాలకు తరలిస్తారు. ధర నిర్ణయించేది కొనేవారు. లారీ రాకపోతే కాయ పొలంలోనే కుళ్ళిపోతుంది. ఘనా నగరాల దుకాణాలలో చైనా, ఇటలీల నుంచి డబ్బాలలో వచ్చే గుజ్జుకు మాత్రం కొరత లేదు. సముద్రం లేని దేశం తాజా కాయను పంపుతుంది. అదే వంటింటికి సముద్రం దాటి వచ్చిన గుజ్జు కూడా చేరుతుంది. ఈ రెండింటిలో లాభం ఎక్కడ నిలుస్తున్నదో వేరుగా చెప్పనక్కరలేదు.

సముద్రం లేకపోవడమంటే రవాణా ఖర్చు పెరగడమని మాత్రమే పాఠ్యపుస్తకాలు చెబుతాయి. అసలు ప్రమాదం అది కాదు. 2002 సెప్టెంబరులో కోట్ డివ్వార్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు అబిజాన్ రైలు ఏడాది పాటు స్తంభించింది. బుర్కినా ఫాసో పత్తిని ఘనా, టోగో, బెనిన్ రేవుల వైపు మళ్ళించవలసి వచ్చింది. పత్తి మళ్ళించడానికి ఓర్చుకొంది. బేలుగా కట్టిన పత్తి నెలల తరబడి నిలవగలదు. టమాటా ఓర్చుకోదు. ఇతరుల దారి మీద, ఇతరుల విపణి మీద ఆధారపడిన సీమకు సరుకు నిలువ సామర్థ్యమే బేరమాడే బలం. ఈ సూత్రం దేశానికి ఎంత వర్తిస్తుందో కలకడకూ అంతే వర్తిస్తుంది.

మదనపల్లె పీఠభూమికి ప్రకృతి ఇచ్చిన సౌలభ్యం ఒకటుంది, దానిని తక్కువ చేయరాదు. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో ఉండడం వలన ఇక్కడి రాత్రులు మైదానాల కంటే చల్లగా ఉంటాయి. పగలు 35 డిగ్రీలు మించి, రాత్రులు వేడెక్కినప్పుడు టమాటాలో పుప్పొడి జీవశక్తి తగ్గి పూత రాలుతుంది. మైదానాలలో వేసవి టమాటా విఫలమయ్యే కారణం ఇదే; అదే కాలంలో ఈ పీఠభూమి కాయ నిలుపుకోగలగడానికి కారణం ఎత్తే. మే నుంచి ఆగస్టు వరకు దక్షిణాది నగరాలు ఇటు చూసేది అందుకే. ఇతర ప్రాంతాల పంట అందుబాటులోకి వచ్చిన తరువాత ఈ సౌలభ్యం కరిగిపోతుంది. సెప్టెంబరులో పడే ధర ఆకస్మికం కాదు, పంచాంగంలో ఉన్నదే. అయినప్పటికీ, ఆగస్టులో ధర చూసి నాటిన రైతుకు నాటు తేదీ గురించి చెప్పవలసిన విస్తరణ సలహా ఎరువుల మోతాదు, తెగుళ్ళ నివారణ దగ్గరే ఆగిపోతున్నది. ఎకరా దిగుబడి పెంచిన ప్రతి సిఫారసు, కోత తేదీని పట్టించుకోకపోతే, సెప్టెంబరు కుప్పను పెంచే సిఫారసుగా పరిణమిస్తుంది. ఇది అప్రియమైన మాటే.

ఇదే సీమలో మరో రెండు సరుకులను చూస్తే విషయం తేటపడుతుంది. పాలు టమాటా కంటే వేగంగా చెడిపోతాయి. టమాటాకు రోజులుంటే పాలకు గంటలే. అయినా కుప్పం, పుంగనూరు పల్లెలలో పాలను రోడ్డు మీద పారబోయడం నిత్య దృశ్యం కాదు. శీతలీకరణ కేంద్రం ఊరికి దగ్గరలో ఉంది. మిగిలిన పాలు పొడిగా మారే దారి ఉంది. వెన్న శాతం, ఘన పదార్థాల శాతం కొలిచి ధర కట్టే పద్ధతి ఉంది. రెండవది పట్టు. మదనపల్లెలోని నీరుగట్టువారిపల్లె టమాటా మార్కెట్టుకు ఎంత ప్రసిద్ధమో పట్టు మగ్గాలకూ అంతే ప్రసిద్ధం. పట్టు అక్కడ మగ్గమెక్కి చీరగా ఊరు దాటుతుంది. అదే పేటలో టమాటా మాత్రం టమాటాగానే ఊరు దాటుతుంది. చెడిపోయే గుణం కాయలో ఉన్న మాట నిజమే, కాని నష్టం కాయ గుణం వలన కాక, దాని చుట్టూ కట్టని ఏర్పాటు వలన వస్తున్నది.

రహదారులు ఈ కొరతను తీరుస్తాయని నమ్మకం ప్రబలంగా ఉంది. బెంగళూరు–చెన్నై ఎక్స్‌ప్రెస్ మార్గం వి.కోట, పలమనేరు ప్రాంతాల గుండా పోతున్నది. కుప్పం మీదుగా సాగే బెంగళూరు రైలు మార్గం 1864 నాటిది; పాకాల–ధర్మవరం మీటరు గేజి మార్గం కూడా బ్రాడ్‌గేజిగా మారింది. వీటి మేలు కాదనలేనిది. అయితే మంచి రోడ్డు కలకడ కాయను బెంగళూరుకు ఎంత త్వరగా చేరుస్తుందో, కోలారు కాయను అదే మార్కెట్టుకు అంతకంటే త్వరగా చేరుస్తుంది. 2020 సెప్టెంబరులో అనంతపురం నుంచి ఢిల్లీకి కిసాన్ రైలు బయలుదేరినప్పుడు పండ్ల రైతులలో ఎంతో ఆశ కలిగింది. కిరాయిలో సగం రాయితీ ఉన్నంత కాలమే ఆ ఆశకు ఊపు. దారి వేగాన్ని ఇస్తుంది, ఆగే స్వేచ్ఛను ఇవ్వదు.

ఆగే స్వేచ్ఛ ఎవరికి ఉంటుందో 2025 జూన్‌లో ఈ జిల్లాయే చూపింది. తోతాపురి ధర పడిపోయినప్పుడు కర్ణాటక మామిడి చిత్తూరు జిల్లాలోకి రాకుండా అధికారులు నిషేధం విధించారు. కర్ణాటక ముఖ్యమంత్రి అభ్యంతరం తెలుపుతూ లేఖ రాశారు. ఆ నిషేధం న్యాయమా కాదా అన్నది వేరే చర్చ. గమనించవలసినది ఒకటే: పొరుగు రాష్ట్రపు రైతు ఎల్ల దాటి రావడానికి కారణం చిత్తూరులో గుజ్జు కర్మాగారాలు ఉండడం. మామిడి విషయంలో చిత్తూరు రేవు పట్టణం వంటిది, కోలారు భూపరివేష్టితం. టమాటా విషయంలో ఆ రేవు ఎక్కడా లేదు.

ఇక్కడ సహజంగా వచ్చే సూచన, టమాటా గుజ్జు కర్మాగారం పెట్టమని. 2018–19 కేంద్ర బడ్జెట్ టమాటా, ఉల్లి, ఆలుగడ్డల కోసం ‘ఆపరేషన్ గ్రీన్స్’ పేరుతో 500 కోట్ల రూపాయలు ప్రకటించిన నాటి నుంచి ఈ సూచన మరింత తరచుగా వినిపిస్తున్నది. బుర్కినా ఫాసో కూడా 2024 చివరలో బోబో-డియులాసో నగరంలో ఇటువంటి కర్మాగారాన్ని ప్రారంభించింది. కాని ఉత్తర ఘనాలోని ప్వాలుగు కర్మాగారం చరిత్రను మరువరాదు. అది తెరచుకొని, మూతపడి, మళ్ళీ తెరచుకొని, మళ్ళీ మూతపడింది. తాజా విపణిలో ధర ఉన్ననాడు రైతు కర్మాగారం ముఖం చూడడు. ధర లేనినాడు వచ్చిన కాయ గుజ్జుకు తగినది కాదు.

రెండవ మాటను వ్యవసాయ శాస్త్రజ్ఞులు తేలికగా తీసుకోకూడదు. దూర రవాణాకు ఎంపికైన గట్టి తోలు సంకరాలలో కరిగే ఘన పదార్థాలు తక్కువగా ఉంటాయి. 4 బ్రిక్స్ కాయతో 28 బ్రిక్స్ గుజ్జు ఒక టన్ను తీయడానికి, వృథాను లెక్కించకపోయినా, ఏడు టన్నుల రసం కావాలి. ఆరు టన్నుల నీటిని ఆవిరి చేయాలి. 5 బ్రిక్స్ కాయ అయితే 5.6 టన్నుల రసంతో, 4.6 టన్నుల నీటి ఆవిరితో పని జరుగుతుంది. ఈ ఒక్క బ్రిక్స్ తేడా ఇంధనపు ఖర్చులో నాలుగో వంతుకు దగ్గరగా ఉంటుంది. గుజ్జు కోసమే రూపొందించిన అర్క విశేష్, అర్క అపేక్ష సంకరాలను బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వెలువరించింది. ఆ సంస్థకు మదనపల్లె నుంచి కొన్ని గంటల ప్రయాణమే. పొలంలో మాత్రం ఆ దూరం చాలా ఎక్కువగా కనిపిస్తున్నది.

పైగా కొత్త కర్మాగారం కట్టనవసరం కూడా ఉండకపోవచ్చు. తోతాపురి సీజను ఆగస్టుతో ముగుస్తుంది. ఆ తరువాత మామిడి గుజ్జు యంత్రాలలో చాలా భాగం ఖాళీగా ఉంటుంది. టమాటా ధర కూలేది సెప్టెంబరు మొదలుకొని. ఈ రెండు తేదీలు ఇంత చక్కగా కలిసినప్పుడు, జూన్ చివరి నుంచి జూలై వరకు కొంత విస్తీర్ణంలో గుజ్జు రకాన్ని ముందస్తు ఒప్పందంతో నాటించి, కిలోకు కాక బ్రిక్స్‌కు ధర కట్టే ఏర్పాటును పరీక్షించడం పరిశోధనా కేంద్రాల శక్తికి మించినది కాదు. పాలకు వెన్న శాతం చూసినట్టే. ఒప్పంద ధర తాజా విపణి శిఖర ధరతో పోటీ పడలేదు. ఆ విషయాన్ని రైతుకు ముందే చెప్పాలి. మొత్తం పొలాన్ని కాక, కొంత భాగాన్ని మాత్రమే ఇటు మళ్ళించమనాలి.

నీటి విషయం వేరుగా కనిపించినా ఇందులో భాగమే. శ్రీశైలం జలాలు హంద్రీ–నీవా కాలువ ద్వారా ఏడు వందల కిలోమీటర్లకు పైగా ప్రయాణించి, ఎన్నో మెట్లు పైకెక్కి, 2025 ఆగస్టులో కుప్పం చెరువులకు చేరాయి. అంత విద్యుత్తుతో ఎత్తిన నీటిని సెప్టెంబరులో పారబోసే కాయకు పెట్టడం ఎవరి లెక్కలోనూ పొదుపు కాదు. చెరువు నిండిన ఊళ్ళో నాటు తేదీల సలహా మరింత అవసరం. నీటి కరవు ఇంతకాలం ఒక విధంగా నాట్లను నియంత్రించేది, ఇకపై ఆ పని సలహాయే చేయాలి. బుర్కినా ఫాసోలోని యటెంగా ప్రాంతంలో గట్టిపడిన నేలలో చిన్న గుంతలు తవ్వి పెంట వేసి జొన్న విత్తే ‘జాయి’ పద్ధతిని మెరుగుపరచి, 2018లో రైట్ లైవ్లీహుడ్ పురస్కారం అందుకొన్న యాకూబా సావడోగో చదువుకొన్న శాస్త్రజ్ఞుడు కాడు. తన నేలలో వాన ఎప్పుడు, ఎంతసేపు నిలుస్తుందో అతడికి తెలుసు. విస్తరణకు కావలసిన జ్ఞానం మొదట ఆ కోవకు చెందినదే.

కలకడ రైతుకు సాధారణంగా వేరుశనగ, టమాటా, రెండు ఆవులు ఉంటాయి. వేరుశనగ వ్యవసాయ విశ్వవిద్యాలయానిది, టమాటా ఉద్యాన విశ్వవిద్యాలయానిది, ఆవు పశువైద్య విశ్వవిద్యాలయానిది. విభజనకు పరిపాలనా కారణాలు ఉండవచ్చు, రైతు ఇంటిలో మాత్రం ఆ గోడలు లేవు. కలికిరి కృషి విజ్ఞాన కేంద్రం కలకడకు ఇరుగు పొరుగు వంటిది. అక్కడ మూడు విశ్వవిద్యాలయాల వారు కలిసి ఒక్క సీజను పాటు చేయగల పని ఉంది: నాలుగైదు ఊళ్ళలో నాటు తేదీ, కోత తేదీ, అమ్మిన ధర, పారబోసిన క్రేట్లు, కాయ బ్రిక్స్ రైతువారీగా నమోదు చేయడం. ఎకరా దిగుబడి పట్టికలు కేంద్రాలలో పుష్కలంగా ఉన్నాయి. పారబోసిన క్రేట్లకు ఆ పట్టికలలో ఇంతవరకు ఒక గడి లేదు.