గౌరవము – వేతనము

మన భాషలో ఉపాధ్యాయుని గూర్చి రెండు మాటలు చిరకాలముగా వాడుకలో నున్నవి. మొదటిది గురువును త్రిమూర్తులతో సమానుని జేయు స్తోత్రము. రెండవది ‘బ్రతకలేక బడిపంతులు’ అను సామెత. మొదటిది సభలలో వినబడును. రెండవది పెండ్లిసంబంధములు మాటలాడుకొను చోట వినబడును. ఒకే జనులు ఒకే మనుష్యుని గూర్చి ఈ రెండును పలుకుచున్నారు. వీనికి పరస్పర విరోధము కలదని చదువరులు తలంపవచ్చును. విరోధము లేదు సరికదా, మొదటిది రెండవదానికి పోషకముగా నున్నదనియే నా వాదము. పొగడ్తతో ఋణము తీరినదని తలంచు సంఘమునకు జీతము సంగతి జ్ఞప్తికి రాదు.

ముందుగా ఒక సత్యమును నిష్పక్షపాతముగా చెప్పవలెను. ఉపాధ్యాయులందరును అన్యాయమునకు లోనైనవారు కారు. ప్రభుత్వ పాఠశాలలలోను, పరిషత్తు పాఠశాలలలోను స్థిరోద్యోగము గలవారి జీతము నేడు గౌరవప్రదమే. సెకండరీ గ్రేడు ఉపాధ్యాయుని ఆరంభ మూలవేతనము తెలంగాణమున 2020 నాటి వేతనశ్రేణులలో 31,040 రూపాయలుగాను, ఆంధ్రప్రదేశమున 2022 నాటి శ్రేణులలో 32,670 రూపాయలుగాను నిర్ణయింపబడినది. ఇది యెవరి దయవలనను లభింపలేదు. ఉమ్మడి రాష్ట్రమున నెలకు 398 రూపాయల స్థిరమొత్తముతో ఉద్యోగ మారంభించిన ప్రత్యేకోపాధ్యాయులు నేటికిని మన నడుమ నున్నారు. సంఘములు దశాబ్దములు పోరాడిన పిమ్మట లభించిన ఫలమిది. వారికి ఎక్కువ యిచ్చుచున్నారని అసూయపడుటకు నేను కలము పట్టలేదు.

కాని అదే యూరిలో, రెండు వీధుల కావల, ప్రైవేటు పాఠశాలలో అదే తరగతికి అదే గణితమును బోధించు ఉపాధ్యాయిని కలదు. ఆమెకును పట్టము కలదు; బోధనాశిక్షణ కలదు. ఉదయము ఎనిమిది గంటలకు తరగతిలో నిలిచి, సాయంకాలము పుస్తకముల మూట నింటికి మోసికొనిపోయి, రాత్రి దిద్దును. ఆమె నెల జీతమును పనిదినములచే భాగింపుడు. పెక్కుచోట్ల వచ్చు సంఖ్య తాపీమేస్త్రి దినకూలికి సగమైనను ఉండదు. మేస్త్రి కూలి అన్యాయమని నేననుటలేదు, అది న్యాయమే. గోడకట్టువానికి న్యాయముగా తోచిన లెక్క, బిడ్డ బుద్ధిని కట్టునామె విషయమున ఎందుకు తప్పుచున్నదని నా ప్రశ్న. వేసవి రెండు నెలలకు జీతమీయని పాఠశాలలు కలవు. నడుమ మానిపోకుండ అసలు ధ్రువపత్రములను తమవద్దనే ఉంచుకొను యాజమాన్యములును కలవు.

ఈ వ్యాధి క్రొత్తది కాదు. దత్తమండలములకు కలెక్టరుగా నుండి మన జనుల నెరిగిన థామస్ మన్రో, మద్రాసు గవర్నరైన పిమ్మట 1822లో రాజధాని యందలి పాఠశాలలను లెక్కింప నాజ్ఞాపించెను. 12,498 పాఠశాలలును, 1,88,650 మంది విద్యార్థులును తేలిరి. విద్య హీనస్థితిలో నుండుటకు గల కారణములను విచారించుచు 1826 మార్చి 10వ తేదీ నాటి లేఖలో ఆయన జీతము ప్రస్తావన తెచ్చెను. ఉపాధ్యాయునకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, తగినవారిని ఆ వృత్తికి రప్పించుటకు అది చాలదనియు వ్రాసెను. జిల్లా పాఠశాలల ఉపాధ్యాయులకు 15 రూపాయలును, తాసీల్దారీ పాఠశాలల వారికి 9 రూపాయలును ఈయవలెనని ప్రతిపాదించెను. పరప్రభువుల ప్రతినిధియైన ఆయన ఔదార్యమును కొనియాడుట కాదు నా యుద్దేశము. ఆ తర్కమును గమనింపుడు. జీతము బీదవానికి వేయు భిక్ష కాదు. తగినవానిని తెచ్చి నిలుపుకొనుటకు సంఘము చెల్లింపవలసిన వెల. రెండువందల సంవత్సరములు గడచినను ఈ చిన్న తర్కము మనకు వంటబట్టలేదు.

‘విద్యాదానమునకు వెలకట్టుదురా?’ అని కొందరు పెద్దలు గద్దించుచున్నారు. వారు శాస్త్రమును ముందు పెట్టుదురు గనుక శాస్త్రమునే చూతము. వేదములో నొక భాగమును గాని, వేదాంగములను గాని జీవనోపాధికై బోధించువాడు ఉపాధ్యాయుడని మనుస్మృతి నిర్వచించినది. అనగా వేతనము ఆ పదముయొక్క అర్థములోనే ఇమిడియున్నది. ఆ స్మృతియే కూలికి చెప్పువానిని శ్రాద్ధపంక్తి నుండి వెలివేసినమాటయు నిజము. పని కావలెను, చేసినవాడు మాత్రము పంక్తికి తగడు! ఈ బుద్ధియే సామెతయై మన నోట నిలిచినది. మాళవికాగ్నిమిత్రములో కేవలము జీవికకే విద్యను వినియోగించువానిని జ్ఞానమమ్ము వర్తకుడని అన్నమాటను మరికొందరు చూపుదురు. ఆ మాట పలికిన గణదాసుడు రాజుగారి కొలువులో జీతము పుచ్చుకొను నాట్యాచార్యుడే యని వారు మరచుచున్నారు. నిందింపబడినది జీతము కాదు. జీతము తప్ప వేరొకటి యెరుగని విద్య. ఇక రఘువంశములో వరతంతుడు శిష్యుని విసిగింపునకు కోపించి పదునాలుగు కోట్లు దక్షిణగా కోరగా, రఘుమహారాజు ఆ ధనమును సమకూర్చెను. నేటి ఉపాధ్యాయిని కోట్లడుగుటలేదు. వేసవి నెలల జీత మడుగుచున్నది.

పొగడ్త ఎంత ప్రమాదకరమో న్యాయస్థానముల చరిత్ర వలన తెలియగలదు. గోవాలో ఉద్యోగమునుండి తొలగింపబడిన యొక ఉపాధ్యాయిని పారిశ్రామిక వివాదముల చట్టము నాశ్రయించి సుప్రీముకోర్టు వరకు పోయెను. 1988లో ఆ న్యాయస్థానము బోధన ఉదాత్తమైన వ్రతమువంటిదనియు, అందుచేత ఉపాధ్యాయుడు ఆ చట్టము చెప్పు కార్మికుడు కాడనియు తీర్పు చెప్పినది. 1948 నాటి కనీస వేతనముల చట్టమును ఉపాధ్యాయులకు వర్తింపదని 1996లో తేలినది. గ్రాట్యుటీకిని వారు అర్హులు కారని 2004లో నిర్ణయమైనది. ఊడ్చువానికి, కాపలావానికి కలిగిన రక్షణ, ఉదాత్తుడైన పాపమునకు ఉపాధ్యాయునకు లేకపోయెను! గ్రాట్యుటీ విషయమున మాత్రము పార్లమెంటు 2009లో చట్టమును సవరించి, 1997 నుండియు వర్తింపజేసినది. ఆ సవరణను 2022లో సుప్రీముకోర్టు సమర్థించినది. తలచుకొన్నచో తప్పు దిద్దుకొనవచ్చుననుటకు ఇదియే నిదర్శనము. 2025లో పాత కార్మిక చట్టముల స్థానమున నూతన సంహితలు అమలులోనికి వచ్చినవి. మంచిదే, కాని అడుగువారు లేనిచో సంహిత పుస్తకములోనే యుండును.

ఈ రక్షణలేమి యొక్క ఫలము 2020 మార్చిలో పాఠశాలలు మూతపడినప్పుడు కన్నులార చూచితిమి. పెక్కు ప్రైవేటు పాఠశాలలలో మొదట ఆగినది ఉపాధ్యాయుల జీతము. కొందరు కూరగాయల బండ్లు పెట్టిరి; కొందరు ఉపాధిహామీ పనులకు పలుగు, పార పట్టిరి. శ్రమ అవమానము కాదు. కాని పదియేండ్లు బోధించినవానికి రెండు నెలలు గడచుటకైన నిలువ లేకపోవుట ఆ జీతము ఎట్టిదో చెప్పక చెప్పినది. 2021 ఏప్రిలులో తెలంగాణ ప్రభుత్వము వారికి నెలకు 2,000 రూపాయలును, 25 కిలోల బియ్యమును ఇచ్చుటకు పూనుకొన్నది. ఇచ్చినవారికి కృతజ్ఞత చెప్పుదము. పుచ్చుకొనవలసి వచ్చినందుకు సిగ్గుపడుదము.

‘ఆమెకు భర్త సంపాదన కలదు, ఇది పైఖర్చులకే గదా’ అను మాట మన యిండ్లలోనే పుట్టినది. ప్రైవేటు ప్రాథమిక పాఠశాలలలో బోధించువారిలో స్త్రీలే మెండు గనుక ఈ మాట జీతముల నన్నింటిని క్రిందికి లాగుచున్నది. 1874లో ధవళేశ్వరమున బాలికల పాఠశాల స్థాపించిన వీరేశలింగముగారు తామును బడిపంతులే. స్త్రీకి విద్య కూడునాయని నాడు వాదము. నేడు స్త్రీ చదివినది. ఆ చదువును చౌకగా కొనుటకు సంస్కారవంతులమైన మనమే సాకులు వెదకుచున్నాము. భర్త జీతమును చూచి భార్య కూలి తగ్గించు న్యాయము, తండ్రి ఆస్తిని చూచి కుమారుని జీతము ఏల తగ్గింపదు?

యాజమాన్యముల వాదమును వినవలసినదే. చిన్న పాఠశాలల ఫీజులు తక్కువ, బకాయిలెక్కువ, అద్దె భారము. నిజమే. అందుచేతనే నేను అందరికి నొకే అంకె అడుగుటలేదు, పాలు అడుగుచున్నాను. ఈ పాలు నా కల్పన కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1994 జనవరి 1న వెలువరించిన ఒకటవ నంబరు ఉత్తర్వులో ప్రైవేటు పాఠశాలల ఆదాయమును పంచు విధము చెప్పబడినది: నూటికి 50 సిబ్బంది జీతములకు, 15 భవిష్యనిధి, గ్రాట్యుటీ, బీమాలకు, 15 నిర్వహణకు, 15 అభివృద్ధికి, 5 యాజమాన్యమునకు. ఉదాహరణకు, నలువది మంది గల తరగతిలో బిడ్డకు ఏటికి 20,000 రూపాయల ఫీజు అనుకొందము. మొత్తము 8 లక్షలు. సగము 4 లక్షలు. నెలకు 33,000 పైచిలుకు. ఆ తరగతి పాలికి ఒకటిన్నర మంది సిబ్బంది వచ్చిరనుకొన్నను తలకు 22,000 దాటును. మీ బిడ్డకు బోధించునామె చేతికి వచ్చునది ఇందులో నెంత? తెలియదందురేమో! బస్సు రుసుము తెలిసికొంటిరి. యూనిఫారము వెల తెలిసికొంటిరి. ఇది యొక్కటి అడుగుట మరచితిరి.

ప్రభుత్వమును ఈ దోషమునుండి ముక్తము కాదు. స్థిరోద్యోగములు నింపక, ఒప్పందపు ఉపాధ్యాయులతో ఏండ్లు గడుపుట కూడ ఒకే పనికి రెండు వెలలు కట్టుటయే. సమానమైన పనికి సమాన వేతనము తాత్కాలికోద్యోగులకును వర్తించునని సుప్రీముకోర్టు 2016లో స్పష్టము చేసినది. ప్రభుత్వమే ఆ మాటను మన్నింపనిచో ప్రైవేటు వారికి బుద్ధి చెప్పుటకు దానికి నోరెక్కడిది?

కావలసిన పనులు కఠినములు కావు. ప్రతి పాఠశాలయు నియామకపత్రము నీయవలెను. పండ్రెండు నెలల జీతమును బ్యాంకు మూలముగా చెల్లింపవలెను. ధ్రువపత్రములను చూచి వెంటనే తిరిగి యీయవలెను. వసూలైన ఫీజులో జీతములకు పోయిన పాలెంతయో ఏటేట గోడపై ప్రకటింపవలెను. విద్యాశాఖాధికారులు మరుగుదొడ్లను లెక్కించునట్లే జీతముల పట్టికను కూడ తనిఖీ చేయవలెను. వీనికన్నిటికి ముందుగా తల్లిదండ్రులు అడుగవలెను. ఉపాధ్యాయిని తానై అడిగినచో మరుసటి దినమున ఉద్యోగముండదు. ఫీజు చెల్లించువా రడిగినచో ఆ భయము లేదు.

సెప్టెంబరు 5న పూలదండలు వేయుట 1962 నుండి జరుగుచున్నది. ఇకపైనను జరుగనిండు; పూలకు నేను విరోధిని గాను. జూన్ నెలలో బిడ్డను చేర్చునాడు ఫీజు రసీదు పుచ్చుకొనుచు, ‘ఇందులో టీచరుగారికి ఎంత ముట్టును?’ అని ఒక్కమాట అడుగుడు. సమాధానము వచ్చువరకు కదలకుడు.