గ్రామావసరముల నివేదిక ఎవరి కొరకు?

గ్రామ ప్రజల ఆరోగ్యావసరములను విచారించుట ఒక పని. విచారించినదానిని వ్రాయుట మరియొక పని. రెండవ పనిని గుమాస్తా పనిగా భావించుట పొరపాటు. గ్రామమునకు కలుగు మేలుకీడులు పెక్కు భాగము ఆ వ్రాతపైననే ఆధారపడియుండును.

కుటుంబ సంక్షేమ కార్యక్రమమున పైనుండి లక్ష్యములు విధించు పద్ధతి 1996 ఏప్రిల్‌లో దేశమంతటను తొలగింపబడినది. క్రొత్త పద్ధతికి 1997లో 'సమాజావసరముల అంచనా' అను పేరు వచ్చినది. మైదానములందు 5,000, కొండ, గిరిజన ప్రాంతములందు 3,000 జనాభాకు ఒకటి చొప్పున ఉండవలసిన ఉపకేంద్రమునందలి నర్సు ఇంటింటికి పోయి, ప్రజలను సంప్రదించి, వార్షిక ప్రణాళికను సిద్ధపరుపవలెను. అది ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకును, పిదప జిల్లాకును చేరవలెను. అవసరము క్రిందినుండి పైకి పోవలెననుటయే ఇందలి ఉద్దేశము.

కాని పైకి పోవునది అంకెల పట్టిక మాత్రమే యైనచో ఆ ఉద్దేశము నెరవేరదు. 'గర్భిణులు పరీక్షలకు వచ్చుట లేదు' అని వ్రాసితిమనుకొందము. తప్పు స్త్రీలదిగా కనిపించును. 'పరీక్షల దినమున నాట్ల కూలి పోవును. వానలలో వాగు దాటుటకు వంతెన లేదు' అని వ్రాసినచో, మార్చవలసిన దినమును, కట్టవలసిన వంతెనయు కనిపించును. మొదటి వాక్యము ఉపన్యాసమునకు దారితీయును. రెండవది పనికి దారితీయును.

సర్వేలలో 'తీరని అవసరము' అను మాట కలదు. ఇప్పట్లో బిడ్డ వలదనుకొనియు ఏ గర్భనిరోధక పద్ధతిని పాటింపని వివాహితలను ఈ పేర లెక్కింతురు. అది గణకులు సమాధానములనుండి తేల్చినది. ఆ స్త్రీ నోట వచ్చిన కోరిక కాదు. ఆమె అడిగినది నడుము నొప్పికి మందు కావచ్చును, వైద్యురాలు కావచ్చును. ఇట్టి మాటలను తెనిగించుటయే వృత్తిగా గలవాడనగుటచే చెప్పుచున్నాను: లెక్కించిన అవసరమును, అడిగిన అవసరమును నివేదికలో వేరువేరుగా వ్రాయవలెను.

ఎన్ని ఇండ్లు విచారించితిమో, ఏ పేట విడిచితిమో, వలస పోయినవారి మాట ఏమో దాచక తెలుపవలెను. ఏది ముందు చేయవలెనో, ఎవరు చేయవలెనో, ఏది ఈ సంవత్సరము సాధ్యము కాదో స్పష్టపరుపవలెను.

జిల్లా అంతటిని కూడుటకు అంకెలే అనువని కొందరందురు. నిజమే; అంకెలు పోవలసినదే. కాని వాని ప్రక్కన నాలుగు మాటలకు చోటుండవలెను. 2005లో ప్రారంభమైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గ్రామ ప్రణాళికా బాధ్యతను గ్రామ ఆరోగ్య సంఘములకు అప్పగించినది. కనుక నివేదిక మొదట గ్రామస్థుల భాషలో వ్రాయబడి, వారి సభలో చదువబడి, వారిచే దిద్దబడి, ఆ పిమ్మటనే పైకి పోవలెను. ఎవరి అవసరమును వ్రాసితిమో, వారు విని 'ఇది మా మాటయే' అన్ననాడు ఆ నివేదిక పూర్తియైనట్లు.