కోడిపిల్లల చావు తలరాత కాదు!

సెంటు భూమి లేని ఇంట్లో ఆడమనిషికి తనదంటూ ఉండే ఆస్తి ఏది? కోడిపెట్ట! మా అమ్మ కోళ్ళమ్మి ఫీజు కడితేనే నేను పంతుల్నయ్యాను. 2022లో మన మిడుతూరు కర్నూలు జిల్లా నుంచి నంద్యాల జిల్లాలోకి పోయింది. జిల్లా మారినా గేరిలో ఆడోళ్ళ ఆస్తి మారలేదు.

పొదగెయ్యడం మన అమ్మలకు ఎవరూ నేర్పనక్కర్లేదు. వారం లోపు పెట్టిన 10, 12 గుడ్లు, గంపలో బూడిద, వరిగడ్డి. 7వ నాడు దీపానికి పట్టి, నరాలు కనపడని గుడ్లు తీసేస్తారు. 21వ నాటికి పిల్లలు.

కష్టమంతా ఆ తర్వాతే. కొక్కెర తెగులొస్తే వారంలో గంప ఖాళీ. "మన రాత" అనుకుంటాం. రాత కాదు! వారం పిల్లకు కంట్లో ఒక్క చుక్క లసోటా టీకా వేస్తే కాపాడుకోవచ్చు. అయితే ఒక్కో సీసా 100 కోళ్ళకు, అంతకు పైనే వస్తుంది. కలిపాక గంటల్లోనే వాడెయ్యాలి. 10 పిల్లల కోసం సీసా ఎవరు విప్పుతారు?

అందుకే అక్కల్లారా, గేరిలో పెట్టలన్నిటికీ ఒకే వారంలో పొదగెయ్యండి. ముందుగా పొదుక్కొచ్చిన పెట్టను నాలుగు రోజులు ఉత్త గుడ్డు మీద కూచోబెట్టండి. పిల్లల్ని లెక్కగట్టి, అందరూ కలిసి పశువుల ఆస్పత్రికి పోయి అడగండి: "టీకా మా గేరికి రావాలి!"

ఒక్కరు అడిగితే బతిమాలడం. పదిమంది అడిగితే హక్కు!