కాపరి లేఖ: తెగిన స్టీరింగు తీగ



గోదావరి గట్టున పుట్టి పెరిగినవాళ్లకు పడవ ప్రమాదమంటే పక్కింటి కబురే. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకు లాంచీ మునిగింది. జల్లు కొట్టకుండా తలుపులు మూసుకోవడంతో లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న అదే మండలం కచ్చులూరు దగ్గర, పాపికొండలు చూడబోతున్న బోటు వరద సుడుల్లో బోల్తా పడింది. 77 మంది ఎక్కితే 26 మందే ప్రాణాలతో బయటపడ్డారు. ఆ బోటును పైకి తీసేసరికి అక్టోబరు 22 వచ్చింది.

ఇవి అందరికీ తెలిసినవి. ఈ రెండింటి మధ్య, 2018 ఆగస్టులో మా లంక రేవులో జరిగిన ప్రమాదం మాత్రం ఏ పత్రికలోనూ రాలేదు. పోయింది ఒక్కడే గనుక. ఆ ఒక్కని గురించి, ఆ తర్వాత ఇన్సూరెన్సు కాగితాల చుట్టూ మేము తిరిగిన తిరుగుడు గురించి ఈ నెల రాస్తున్నాను. ఇందులో నా తప్పు కూడా ఉంది.

బోటు మా సంఘస్తుడిదే. అరటి గెలలు, కొబ్బరికాయలు, సంతకు పోయే మనుషులు, అన్నీ దానిమీదే. ఎనిమిదిమందికి అనుమతి. ఆ సాయంకాలం పదకొండుమంది ఎక్కారు. పైగా గెలలు, రెండు సైకిళ్లు. ఎర్రనీరు వచ్చి పాయ నిండుగా ఉంది. నడి పాయలోకి వచ్చేసరికి స్టీరింగు చక్రం సరంగు చేతిలో ఊరికే తిరిగిపోయింది.

అటువంటి బోట్లలో సరంగు తిప్పే చక్రానికీ, వెనుక నీళ్లలో ఉండే చుక్కానికీ మధ్య ఇనుప తీగల తాడు ఉంటుంది. కప్పీల మీదుగా పోయి చుక్కానిని అటూ ఇటూ లాగుతుంది. అంత పెద్ద ఓడను చిన్న చుక్కాని తిప్పుతుందని యాకోబు పత్రికలో చదువుకున్నాం గదా. ఆ చుక్కానిని తిప్పేది వేలెడు లావు కూడా లేని ఈ తీగ. అది తెగింది. బోటు ప్రవాహానికి అడ్డం తిరిగింది. కళాసీ వెనక్కి పరుగెత్తి చుక్కాని కాడను చేతులతో పట్టుకోబోయాడు. నీటి ఊపుకు ఆ కాడే అతణ్ణి విసిరికొట్టింది. బోటు ఇసుక మేటకు తగిలి ఒరిగిపోయింది. దగ్గరలో వలలు వేస్తున్నవాళ్లు నాటు పడవల మీద వచ్చి మిగిలిన అందరినీ లాగారు. కళాసీ మూడోనాడు దిగువన దొరికాడు. ముప్పై నాలుగేళ్లవాడు. భార్య, ఇద్దరు ఆడపిల్లలు.

నాలుగోనాటి రాత్రి బోటు యజమాని మా ఇంటికి వచ్చాడు.

"అయ్యగారూ, ఇన్సూరెన్సువాళ్లు వస్తారంట. తీగ కొత్తదని, ఎక్కింది ఎనిమిదిమందేనని మీరొక కాగితం రాసిస్తే నా బోటు డబ్బులు వస్తాయి. మీ మాట కాదనరు."

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే మూడు వారాల ముందు ఆరాధన జరిపించడానికి అదే బోటు మీద లంకకు వెళ్లాను. తీగ పోగులు రేగి, మీద బైండింగు వైరు చుట్టి ఉండటం చూశాను. "ఇదేంటయ్యా" అని అడిగితే ఆ కళాసీయే నవ్వుతూ, "చెప్పానయ్యగారూ, ఈ నాలుగు సంతలూ అయ్యాక మారుస్తామన్నారు" అన్నాడు. సరేలే అని ఊరుకున్నాను. యజమానితో ఒక్క మాట అనలేదు. చందా బాగా ఇచ్చే మనిషిని నొప్పించడమెందుకనుకున్నానేమో.

"తమ్ముడూ, ఆ తీగ నేను చూశాను. ఒకసారి నోరు మూసుకుని ఒకణ్ణి పోగొట్టుకున్నాం. రెండోసారి నోరు తెరిచి అబద్ధం చెప్పలేను" అన్నాను. అతడు మారు మాట్లాడకుండా లేచి వెళ్లిపోయాడు. అయిదు నెలలు గుడి గుమ్మం తొక్కలేదు.

సర్వేయరు వచ్చి తెగిన కొసలు చూశాడు. అప్పటికప్పుడు తెగిన పోగులు లోపల మెరుస్తాయి. ఏనాడో తెగినవి తుప్పుపట్టి ఉంటాయి. ఎవరూ చెప్పకపోయినా తీగే చెప్పింది. అరిగిపోయిన భాగాన్ని తెలిసీ మార్చలేదని, అనుమతికి మించి ఎక్కించారని బోటు క్లెయిము తిరస్కరించారు.

ఇక కళాసీ భార్య సంగతి. బోటు క్లెయిము పోయింది గనుక తనకూ ఏమీ రాదనుకుని ఆమె కూర్చుంది. మేమూ కొన్నాళ్లు అలాగే అనుకున్నాం. అది పొరపాటు. పాఠకులు ఈ మాట బాగా గుర్తు పెట్టుకోవాలి. బోటు నష్టం వేరు, ప్రయాణికుల పరిహారం వేరు, పనివాడి పరిహారం వేరు, బ్యాంకులో కట్టే ప్రమాద బీమా వేరు. ఒకటి పోతే మిగిలినవి పోవు.

కళాసీ ఖాతా నుంచి ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఆ మే నెలలో 12 రూపాయలు కోసుకున్నారు. 2022 జూన్ నుంచి అది 20 రూపాయలైంది. 18 నుంచి 70 ఏళ్లవారు ఇందులో చేరవచ్చు. ప్రమాదంలో మరణిస్తే రెండు లక్షలు. క్లెయిము ఫారం ముప్పై రోజుల్లోపు బ్యాంకులో ఇవ్వాలి. మేము ఇచ్చాం. కాని నామినీగా ఉన్నది ఎప్పుడో చనిపోయిన అతని తల్లి పేరు! పెళ్లయ్యాక మార్చుకోలేదు. తహసీల్దారు కార్యాలయంలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీసుకుని, బ్యాంకు అడిగిన కాగితాలన్నీ పెట్టి, డబ్బు చేతికి వచ్చేసరికి ఏడు నెలలు పట్టింది. ఆ ఏడు నెలలూ ఆ పిల్లలు పక్కిళ్ల అన్నం తిన్నారు.

పనివాడి పరిహారానికి అప్పట్లో 1923 నాటి చట్టం ఉండేది. పనిలో ప్రమాదం జరిగి చనిపోతే, పనిలో పెట్టుకున్నవాడు ఇవ్వాలి. ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ కడుతుంది. ఆ చట్టం కింద రెండేళ్లలోపు కార్మిక శాఖలో దరఖాస్తు చేసుకోవలసి ఉండేది. అయితే ఇతడు ఆ బోటులో కూలికి పనిచేశాడనడానికి కాగితం ముక్క లేదు. యజమాని కాదంటే అంతే. కళాసీలకు వర్తించే బీమా అతడు తీసుకోలేదు. ప్రీమియం మిగులుతుందని వదిలేశాడు. ఒప్పుకుంటే సొంత చేతి డబ్బే పోవాలి.

వాయిదా రోజున అతడు వచ్చాడు. "నా దగ్గర ఆరేళ్లు చేశాడండి. తీగ సంగతి నాకు చెప్పాడండి" అన్నాడు. అంతే. అరెకరం కొబ్బరితోట తాకట్టు పెట్టి పరిహారం డిపాజిట్ చేశాడు. ఆ ఆదివారం గుడికి వచ్చి వెనుక వరుసలో కూర్చున్నాడు. కళాసీ భార్య ఆరాధన అయ్యాక అతని దగ్గరికి వెళ్లి, "అన్నయ్యా, పెద్దదాన్ని బడిలో వేశాను" అని చెప్పింది. అతడు తల వంచుకుని ఏడ్చాడు.

బోట్లున్నవారికీ, బోటెక్కేవారికీ

రేవు వదిలేముందు చక్రాన్ని ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి, చుక్కాని కదులుతున్నదో లేదో మరొకరు చూడాలి. వారానికొకసారి తీగ పొడవునా పాత గుడ్డతో తుడవండి. తెగిన పోగు ఉంటే గుడ్డకు తగులుకుంటుంది. అటువంటి తీగకు కట్టు కట్టకండి, మార్చండి. కప్పీలకు గ్రీజు పెట్టండి. ఆయిలుతో పనిచేసే స్టీరింగు అయితే ఎక్కడైనా కారుతున్నదేమో చూడండి. చక్రం బిగుసుకుపోతే బలవంతంగా తిప్పకండి. చుక్కానికి తగిలించే చేతి కర్ర బోటులో ఎప్పుడూ ఉండాలి.

నడి నీళ్లలో స్టీరింగు పోతే ముందు వేగం తగ్గించాలి. లంగరు ముందు భాగం నుంచే వేయాలి. వెనుక నుంచి వేస్తే ప్రవాహపు నీరు బోటులోకి ఎక్కుతుంది. మనుషులు లేవకుండా, ఒక పక్కకు చేరకుండా కూర్చోవాలి. లైఫ్ జాకెట్ ఎక్కేటప్పుడే తొడుక్కోవాలి. ప్రమాదం వచ్చాక తొడుక్కుందామంటే కుదరదు. జనం ఎక్కువైతే మనమే దిగిపోవాలి. తర్వాతి పడవ వస్తుంది.

ఎక్కినవారి పేర్లు గట్టు మీద ఒకరి దగ్గర రాసి ఉంచండి. మనిషి దొరకనప్పుడు, ఏడేళ్లు జాడ లేకపోతేనే మరణించినట్లు చట్టం భావిస్తుంది. కళ్లారా చూసినవారి వాంగ్మూలాలు, అధికారుల విచారణ నివేదిక ఉంటే ముందే తేలే వీలుంటుంది.

ప్రమాదం జరిగాక

ఆ రోజే పోలీసులకు ఫిర్యాదు ఇచ్చి ఎఫ్‌ఐఆర్ నకలు తీసుకోండి. పంచనామా, పోస్టుమార్టం నివేదిక జాగ్రత్త చేయండి. మరణాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించండి. ఇన్సూరెన్సు కంపెనీకి రాతపూర్వకంగా తెలిపి, అందినట్లు ముద్ర వేయించుకోండి. సర్వేయరు చూసేదాకా తెగిన భాగాన్ని పారేయవద్దు, మరమ్మతు చేయవద్దు. అయితే బోటు ఇంకా పాడవకుండా కట్టి కాపాడవలసిన బాధ్యత మనదే. ఖాళీ కాగితం మీద గాని, చదవని వోచరు మీద గాని సంతకం పెట్టకండి.

క్లెయిము కాదంటే, ఏ షరతు ప్రకారం కాదన్నారో రాసి ఇమ్మనండి. ముందు కంపెనీకే ఫిర్యాదు చేయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు న్యాయంగా లేకపోయినా హైదరాబాదులోని ఇన్సూరెన్సు అంబుడ్స్‌మన్‌కు ఏడాదిలోపు రాసుకోవచ్చు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. రెండు తెలుగు రాష్ట్రాలకూ, యానానికీ అదే కార్యాలయం.

ఒక్క పని మాత్రం ఈ రాత్రే చేయండి. భోజనాలయ్యాక ఇంట్లో బ్యాంకు పుస్తకాలు, బీమా కాగితాలు ముందు వేసుకుని నామినీ పేరు ఎవరిదో చూడండి. ఆ పేరు బ్రతికి ఉన్న మనిషిదేనా?

రేపు మీ కళ్లకు ఎక్కడైనా కట్టు కట్టిన తీగ కనబడితే, అది ఎవరి బోటు అయినా సరే, ఎంత పెద్దవాడైనా సరే, ఒక మాట చెప్పండి. నేను చెప్పలేదు.

మీ కాపరి